రబ్బరు ముక్క కోసం నాలుగు ఊళ్లు

విజయవాడ: బయట వాన పడుతుంటే లోపల గొడుగు వేసుకుని కూర్చోవలసిన కారు ఒకటి తెనాలి దగ్గరి పల్లెలో ఉంది. ఇంజను నిక్షేపంగా ఉంది. గేర్లు పడతాయి. బ్రేకు నొక్కితే బండి నిలుస్తుంది. లేనిదల్లా అద్దాల చుట్టూ ఉండవలసిన రబ్బరు. దాని కోసం ఆ కారు యజమాని నాలుగు నెలల్లో నాలుగు ఊళ్ల బజార్లు గాలించవలసి వచ్చింది.

కారు 1972 నాటి అంబాసిడర్, మార్క్ 2. ఆ ఊళ్లో వైద్యం చేసిన డాక్టరు గారు కొన్నది. అర్ధరాత్రి పురుటి నొప్పులొచ్చినా, పాము కరిచినా గుంటూరు పెద్దాసుపత్రికి దారి పట్టింది ఆ బండే. ఊళ్లో యాభై దాటినవారిలో కొందరు దాని వెనక సీటులోనే పుట్టారని చమత్కరించే వారున్నారు. డాక్టరు గారు పోయాక అది కొడుక్కు వచ్చింది. ఆయన కాలేజీ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరికి మాస్టారు.

కిందటి వానాకాలం వెళ్లాక డ్రైవరు కాళ్ల కింది పట్టా ఎత్తి చూస్తే రేకు జల్లెడలా ఉంది. వేలు పెడితే రోడ్డు తగులుతోంది. బండిని ఆటోనగరుకు తోలుకొస్తే మేస్త్రి సుత్తి పిడితో అక్కడా ఇక్కడా తట్టి చూశాడు.

"మాస్టారూ, రేకేసి వెల్డింగు కొట్టమంటే రేపే కొడతాను. పైనుంచి నీళ్లాపకుండా కింద రేకేస్తే మళ్లీ రెండు వానలకు ఇదే పరిస్థితి. ముందు అద్దాల సంగతి చూడండి."

ఈ మాట చెప్పినందుకే ఆ మేస్త్రిని మెచ్చుకోవాలి. రేకు వేసి డబ్బు పుచ్చుకుని పంపేవాళ్లకు బజారులో కొదవ లేదు.

ఇంట్లో పిల్లలు అమ్మేద్దామన్నారు. పాత ఇనుము వ్యాపారి ఒకరు వచ్చి తూకం లెక్కన బేరం కూడా చెప్పి వెళ్లారు. డాక్టరు గారి భార్య ఎనభై దాటిన పెద్దామె. ఆమె ఏమీ అనలేదు. వ్యాపారి కారు చుట్టూ తిరుగుతుంటే మాత్రం చూడలేక లేచి లోపలికి వెళ్లిపోయారు. దానితో మాస్టారు తొలకరి వరకు గడువు పెట్టుకున్నారు. అప్పటికి నీళ్లు ఆగితే రేకు వేయించాలి. ఆగకపోతే పిల్లల మాటే ఖాయం.

అద్దానికీ రేకుకూ మధ్య

కారులో రబ్బరు అంటే చాలామందికి టైర్లే గుర్తుకొస్తాయి. కాని పాత కార్ల ప్రాణం తీసేది అద్దాల రబ్బరే. ముందు అద్దం, వెనక అద్దం నేరుగా రేకుకు అంటించి ఉండవు. చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే ఇటొక గాడి, అటొక గాడి కనిపిస్తాయి. ఒక గాడిలో అద్దం అంచు, రెండో గాడిలో కారు రేకు అంచు కూర్చుంటాయి. అంతటి అద్దాన్ని ఆ పట్టీయే పట్టి ఉంచుతుంది. కుదుపును అదే భరిస్తుంది. వాననూ అదే ఆపాలి.

ఆనాటి పట్టీలలో సహజ రబ్బరు పాలు ఎక్కువ. ఎండకూ, గాలిలోని ఓజోనుకూ అది ముందు గట్టిపడుతుంది, తర్వాత కుంచించుకుంటుంది, చివరకు పగుళ్లు పాస్తుంది. కుంచించుకోవడం మొదట మూలల్లో తెలుస్తుంది. మూల దగ్గర పట్టీ అద్దాన్ని వదిలి గోరంత సందు ఇస్తుంది. ఆ సందులోంచి దిగిన నీరు రేకు అంచు వెంట పాకి, డాష్‌బోర్డు వెనకనుంచి జారి, కాళ్ల కింది పట్టా కిందికి చేరుతుంది. పట్టా తడిసినట్టు పైకి కనిపించదు. కారు దిగి ఇంట్లోకి పోయేవారికి కొద్దిగా ముక్క వాసన వేస్తుంది, అంతే. వాసన వచ్చేనాటికి కింద తుప్పు సగం పని ముగించి ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. కారిన చోటల్లా సిలికాను ముద్ద పులుముతారు. మాస్టారు కూడా అంతకు రెండేళ్ల ముందు ఆ పనే చేశారు. స్నానాల గదులకు వాడే సిలికానులో ఒక రకం ఆరేటప్పుడు వెనిగరు వాసన కొడుతుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. అది రేకుకు తగిలితే తుప్పును పిలిచి పీట వేసినట్టే. పైగా ముద్ద బయట దారి మూస్తుంది, లోపలికి వెళ్లిన నీటికి బయటికొచ్చే దారీ మూస్తుంది.

తలుపుల అద్దాల వ్యవహారం వేరు. అవి పైకీ కిందికీ తిరగాలి గనుక మఖమలులాంటి బట్ట అతికించిన చానలులో నడుస్తాయి. అద్దం దిగే సందు దగ్గర బయటివైపు సన్నని పట్టీ ఒకటి నీటిని తుడిచి వదులుతుంది. అది ఎంత మంచిదైనా కొంత నీరు తలుపులోకి దిగి తీరుతుంది. అలా దిగుతుందని తెలిసే కంపెనీవారు తలుపు అడుగున చిల్లులు పెట్టారు. తలుపులోకి నీరు పోవడం తప్పు కాదు, బయటికి రాకపోవడమే తప్పు. మాస్టారి కారు నాలుగు తలుపుల్లో మూడింటి చిల్లులు మట్టితో, పాత రంగుతో పూడిపోయి ఉన్నాయి. మేస్త్రి ఇనుప తీగతో పొడిస్తే ఒక తలుపులోంచి చెంబెడు బురద నీరు కారింది.

'సరుకు లేదండీ'

అంబాసిడర్ తయారీ 1950 దశకం చివర పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారి కర్మాగారంలో మొదలైంది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుకు ఇది మన దేశపు రూపం. కలెక్టరు మొదలు టాక్సీ డ్రైవరు వరకు అందరికీ అదే కారు అయిన కాలం ఒకటుంది. 2014 మే నెలలో తయారీ ఆగింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరు అమ్ముడుపోయింది కాని పేరుతో రబ్బరు పట్టీలు రావు గదా.

ఒక్క సంగతి కలిసి వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం పైన సాగిన తయారీలో గ్రిల్లు మారింది, దీపాలు మారాయి, ఇంజన్లు మారాయి. పైకప్పు, ముందు వెనక అద్దాల ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. కనుక 1972 బండి యజమాని తొంభైల నాటి బండి సరుకునూ వెతుక్కోవచ్చు.

వేట విజయవాడ ఆటోనగరులోనే మొదలైంది. లారీ సరుకైతే అక్కడ సూది నుంచి ఛాసిస్ వరకు దొరుకుతుంది. అంబాసిడర్ అద్దం బీడింగు అనగానే కౌంటరు మీదివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిదో కొట్టులో దొరికింది. నల్లగా నిగనిగలాడుతోంది, ధర కూడా తక్కువ. అదే అనుమానించవలసిన చోటు. మేస్త్రి పట్టీని వేళ్ల మధ్య మడిచి గట్టిగా నొక్కాడు. మడత మీద తెల్లని గీతలు తేలాయి. గోరుతో గీస్తే పొడి రాలింది. పాత టైర్లను కరిగించిన రబ్బరు ఎక్కువ కలిపి తీసిన సరుకది. రెండు వేసవులకు మించి ఆగదు.

తర్వాత సికింద్రాబాదు రాణిగంజ్. అక్కడ ఒక కొట్టు అటక మీద కాగితం చుట్ట విప్పని కంపెనీ సరుకే బయటపడింది. మాస్టారి ఆనందానికి అవధి లేదు. అయితే దాని మీది చీటీ చూస్తే పాతికేళ్ల కిందటిది. ఇలాంటి సరుకును చూసి మోజుపడేవారు చాలామంది ఉన్నారు. గేరు చక్రమైతే పాతికేళ్లు అటక మీద ఉన్నా గేరు చక్రమే. రబ్బరు అలా కాదు. వాడినా వాడకపోయినా దాని వయసు దానికి వస్తూనే ఉంటుంది. మాస్టారు చుట్ట విప్పించి చూశారు. పట్టీ చుట్ట ఆకారంలోనే బిగుసుకుపోయి, సాగదీస్తే రాలేదు. నమస్కారం పెట్టి దిగి వచ్చారు.

చెన్నై పుదుపేట పాత కార్ల సామానుకు పేరుపడ్డ పేట. అక్కడ మాస్టారికి పట్టీ దొరకలేదు, మంచి సలహా దొరికింది. ఒక ముసలి వ్యాపారి ఆయన చేతిలోని ఫోటో పక్కన పెట్టేసి, ఫోటోతో రబ్బరు కొనరాదన్నాడు. పాత పట్టీలోంచి రెండంగుళాల ముక్క కోసి జేబులో పెట్టుకు తిరగమన్నాడు. బాగా ఎండిన చోటుది కాకుండా, ఎండ తగలని అడుగు భాగంలోది కోయాలి. అద్దం మందాన్ని, రేకు అంచు మందాన్ని విడిగా కొలిచి రాసుకోవాలి. గాడి ఒక మిల్లీమీటరు వెడల్పయినా నీళ్లు దిగుతాయి, ఇరుకైనా అద్దం కూర్చోదు. ఎన్ని ఊళ్లు తిరిగినా అంతవరకు ఎవరూ చెప్పని ముక్క అది.

ఆ ముక్క పోస్టులో కోల్‌కతాకు వెళ్లింది. కారు పుట్టిన ప్రాంతమే కనుక అక్కడి మల్లిక్ బజారులో ప్రయత్నించమని ఆటోనగరు లారీ డ్రైవరు ఒకరు దారి చూపాడు. మూడు వారాలకు పార్సిలు వచ్చింది. ముందు అద్దానికీ వెనక అద్దానికీ పట్టీలు, కొత్తగా తీసినవి. ఎండకూ ఓజోనుకూ తట్టుకునే ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు. మడిచినా గీత పడలేదు. సాగదీసి వదిలితే చటుక్కున వెనక్కి వచ్చింది. తలుపుల చానలు అడుగుల లెక్కన విజయవాడలోనే దొరికింది. అది పలు రకాల బండ్లకు పనికివచ్చే సరుకు.

ఎక్కడా దొరకనివారికి ఇంకొక మార్గముంది. నమూనా ముక్క ఇస్తే చిన్న రబ్బరు కర్మాగారాలవారు డై చేసి పట్టీ తీసిపెడతారు. ఒక్క కారు కోసం డై కొట్టిస్తే గిట్టదు. ఒకే రకం కార్లున్న నలుగురైదుగురు కూడితే భరించగలిగిన ఖర్చే. బజారులో పరుగులు పెట్టడం కంటే ఇది మేలనిపిస్తుంది.

రోహిణి కార్తెలో ముహూర్తం

రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెలో పని పెట్టారు. దానికి కారణం లేకపోలేదు. ఎండకు రబ్బరు మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. చలికాలపు ఉదయం ఇదే పని రెట్టింపు కష్టం.

భయమంతా అద్దం గురించి. ముందు అద్దం 1972 నాటిదే. గట్టిపరచిన పాత రకం అద్దాన్ని మధ్యలో గుద్దినా ఓర్చుకోవచ్చు గాని అంచున స్క్రూడ్రైవరు మొన తగిలితే చాలు, క్షణంలో వేయి ముక్కలై ఒళ్లో పడుతుంది. పట్టీ నాలుగు ఊళ్లు తిరిగితే దొరికింది. అద్దం కోసం ఇంకెన్ని తిరగాలో!

అందుకే మేస్త్రి పాత పట్టీని పెకలించలేదు. బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసి పారేశాడు. ఎలాగూ పారేసే రబ్బరే కదా, దాన్ని కాపాడబోయి అద్దం పగలగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. బానెట్టు మీద దుప్పటి పరిచారు. వైపర్లు తీశారు. కుర్రవాడు లోపల కూర్చుని పై మూలల మీద అరచేతులతో నెమ్మదిగా తోస్తే అద్దం మేస్త్రి చేతుల్లోకి వచ్చింది. మాస్టారు అంతసేపూ వేపచెట్టు కింద అటు తిరిగి నిలబడ్డారు.

అద్దం తీశాక అసలు రోగం బయటపడింది. కింది అంచు పొడవునా రేకు పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. ఆ తుప్పు మీదే కొత్త పట్టీ వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. తీగ బ్రషుతో గీకి, రెండు చోట్ల కొత్త ముక్క వెల్డింగు చేసి, ప్రైమరు, రంగు కొట్టి మూడు రోజులు ఆరనిచ్చారు. పని మొత్తంలో ఎక్కువ కాలం పట్టింది దీనికే.

నాలుగో రోజు బిగింపు. పట్టీని ముందుగా అద్దానికి తొడిగారు. ఇది మీటర్ల లెక్కన వచ్చే సరుకు గనుక కొలత కంటే కొద్దిగా పొడవుగా కోసి, కొసలు ఒకదానికొకటి ఒత్తుకునేలా అతికించారు. సాగదీసి తొడిగితే ఆ రోజుకు చక్కగా ఉంటుంది, ఆరు నెలలకు వెనక్కి గుంజుకుని మళ్లీ మూలల్లో సందిస్తుంది. అతుకు మూలలో రాకుండా తిన్నని అంచు మధ్యలో వచ్చేట్టు చూశారు.

ఇక్కడినుంచి తాడు పని. రేకు కూర్చోవలసిన గాడిలో చుట్టూ సన్నని నైలాను తాడు దూర్చారు. రెండు కొసలూ కింది అంచు నడుమ అడుగు మేర ఒకదాని మీదొకటి వచ్చేలా ఉంచి వదిలేశారు. గాడి నిండా సబ్బునీళ్లు రాశారు. గ్రీజు, ఇంజను నూనె, కిరోసిను రాసేవారున్నారు గాని అవి రబ్బరును ఉబ్బించి కుళ్లబెడతాయి. సబ్బునీళ్లయితే జారుడు ఇచ్చి ఆరిపోతాయి.

ఇద్దరు కలిసి అద్దాన్ని బయటినుంచి ఎత్తి చట్రంలో కూర్చోబెట్టారు. తాడు కొసలు కారు లోపల వేలాడుతున్నాయి. మేస్త్రి లోపల కూర్చుని ఒక కొసను తనవైపు లాగడం మొదలుపెట్టాడు. తాడు వస్తున్నకొద్దీ పట్టీ లోపలి పెదవి రేకు అంచును ఎక్కి ఇవతలికి దిగుతోంది. తాడు ఎక్కడ వస్తే అక్కడ బయట కుర్రవాడు అరచేత్తో నొక్కాలి. ఇద్దరిదీ ఒకే తాళం కావాలి.

"ఒత్తరా... అక్కడ కాదు, నా చేతికెదురుగా!"

"ఒత్తుతున్నా బాబాయ్, సబ్బు జారిపోతోంది!"

కింది అంచు, పక్కలు సులువుగానే వచ్చాయి. కుడివైపు పై మూల దగ్గర తాడు బిగుసుకుంది. కుర్రవాడు స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాచబోతే మేస్త్రి లోపలినుంచే కేక వేశాడు. ఒక వెదురు బద్దను నున్నగా చెక్కించి, సబ్బులో ముంచి, పెదవిని దానితో కొద్దికొద్దిగా లేపి మూల దాటించాడు. ఆ మూలకే ముప్పావు గంట పట్టింది. చివరి జానెడు తాడు ఊడి వచ్చినప్పుడు మాస్టారు వేపచెట్టు వదిలి దగ్గరికి వచ్చారు.

మర్నాడు బయటి పెదవి కింద గట్టిపడని రకం సీలింగు ముద్దను సన్నగా పట్టించారు. వెనక అద్దం, తలుపుల చానళ్లు రెండు రోజుల్లో అయిపోయాయి. అవి చెప్పుకోవలసినంత కష్టం కాదు.

నీళ్ల పరీక్ష

పరీక్ష చేసే తీరులో కూడా కిటుకుంది. పైనుంచి పైపుతో కుమ్మరిస్తే అన్నిచోట్లా తడుస్తుంది, ఎక్కడ కారిందో తేలదు. మేస్త్రి సన్నని ధారతో కింది అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క జానెడూ ఆగుతూ పైకి వచ్చాడు. లోపల టార్చిలైటుతో కుర్రవాడు. పట్టీ అంచుల వెంట ముందే సుద్దపొడి చల్లి ఉంచారు. నీటి చుక్క దిగితే పొడిలో చార పడుతుంది. తలుపులకు ఇంకా సులువు. రబ్బరుకు ఆనేచోట కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగాలి. బిగువుగా వస్తే సరే, ఊరికే జారివస్తే అక్కడ పట్టు లేనట్టు. పాత కారు కొనబోయేవారు కూడా ఈ కాగితం పరీక్ష చేసుకోవచ్చు, కానీ ఖర్చు లేనిది.

ముందు అద్దం చుట్టూ ఎక్కడా చార పడలేదు. వెనక అద్దం కూడా నెగ్గింది. ఆ తర్వాతే కింది రేకు పని మొదలైంది.

యాభై ఏళ్లు దాటిన బండి గనుక వింటేజ్ కింద రాయించుకొమ్మని మాస్టారికి కొందరు సలహా ఇచ్చారు. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లకు అలాంటి నమోదు ఉంది. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప మామూలు రాకపోకలకు తిప్పరాదు. మాస్టారికి అది రుచించలేదు. అమ్మను తెనాలి కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి ర్యాలీ ఎక్కడ వెతకమంటారని ఆయన అడుగుతున్నారు.

తొలకరి జల్లు జూన్ రెండో వారంలో పడింది. కారు గేటు బయటే నిలిపి, పట్టా ఎత్తేసి, కొత్త రేకు మీద పాత వార్తాపత్రికలు పరిచి వచ్చారు. తెల్లవారి చూస్తే డ్రైవరు వైపు కాగితాలు పొడిగా ఉన్నాయి. ఎడమవైపు మాత్రం పావలా అంత తడి మచ్చ. తలుపులో ముందువైపు తిరిగే చిన్న ముక్కోణపు అద్దం రబ్బరు అది. అచ్చులో పోసిన రకం గనుక అడుగుల లెక్కన దొరకదు, డైతో తీయడానికీ కుదరదు. మాస్టారు దాని ముక్క కూడా రెండంగుళాలు కోసి జేబులో వేసుకున్నారు. కుడివైపుది బాగుంటే దానితో అచ్చు తీయించవచ్చునేమోనని మేస్త్రి అంటున్నాడు. అంతవరకు వాన వచ్చే రోజుల్లో పెద్దామె కుడివైపు కూర్చుంటున్నారు.